పదకొండు బెండకాయలు

ముప్పై రెండేళ్లు రేవులో మూటలు లెక్కపెట్టాను.
ఎక్కినవి, దిగినవి, చిరిగినవి.
రిటైరైనా ఆ జబ్బు పోలేదు,
అందుకే తోట ఖాతా నాకు అప్పగించారు.

మొదటి పేజీలో తోట లేదు.
మల్కాపురంలో మా వీధి చివర
పాత క్వార్టర్లు కూల్చిన జాగా.
పగిలిన పింగాణీ, వంగిన చువ్వలు,
తుఫాను సగం ఎగరేసుకుపోయిన రేకుల షెడ్డు.
పదమూడు ట్రాక్టర్ల రాళ్లు.
పదమూడని గట్టిగా ఎందుకంటున్నానంటే
నా నడుముకి తెలుసు.

కొర్రా సొనాయి వంగి పిడికెడు మట్టి తీసింది.
పాడేరు కొండల నుంచి తాపీ పనికి దిగొచ్చిన మనిషి.
నలిపింది, వాసన చూసింది,
నాలిక్కి తాకించి ఉమ్మేసింది.
"ఉప్పు. పైగా ఆకలి మీదుంది."

ఆ మాట మైలపిల్లి పోలమ్మకి తగిలింది.
మర్నాటి నుంచి చేపలు అమ్మగా మిగిలిన
తలకాయలూ పొలుసులూ డబ్బాలో తెచ్చి
గోతిలో వేసి కప్పేది.
కంపు ఆమె గొయ్యిది,
తిట్లు మాత్రం నాకు,
ఖాతా మీద సంతకం నాది కదా.

గాలి రేవు మీంచి తిరిగిందంటే
ఆకుల మీద బొగ్గు.
బడి నుంచి రాగానే పిల్లలు
పాత చొక్కాలు తడిపి ఒక్కో ఆకూ తుడిచేవారు,
తమ్ముడి ముక్కు తుడిచినట్టు, విసుక్కుంటూనే.
ఆకు ఎలా ఊపిరి తీస్తుందో
దాలినాయుడు వాళ్లకి చెప్పేవాడు.
క్రేన్ నడిపినవాడు, తొమ్మిది తప్పినవాడు.
చిక్కు ప్రశ్న వస్తే "అది రేపటి పాఠం" అనేసి
రాత్రి మనవరాలి సైన్సు పుస్తకం
దుప్పటి కింద చదువుకునేవాడు.

తోటకూర మాడింది. వంకాయల్ని పురుగు తినేసింది.
నేను ఖర్చు గడిలోనే రాస్తూ పోయాను.
యాభై ఎనిమిదో రోజున
బెండకాయలు కాసాయి.
పదకొండు.
ఇళ్లు పద్నాలుగు.

ఓడల లెక్క తేల్చినవాణ్ణి,
ఆ లెక్క దగ్గర కూలబడ్డాను.
చీటీలు వేద్దామన్నారు ఒకరు.
అమ్మి డబ్బులు పంచుదామన్నారు మరొకరు,
పంచితే మనిషికి రూపాయి రాదు.
పోలమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది.
"ఏటి బావూ, కాయలు లెక్కెట్టినావు గానీ
కుండలెన్నో లెక్కెట్టినావేటి?
ఒకటే కదేటి!"

చింతపండు ఖైరున్ ఇంటిది,
బెల్లం ముక్క మూల కొట్టు అరువు,
ఎండు రొయ్యలు పోలమ్మవి.
రేకుల కింద, కూలిన క్వార్టరు తలుపు పరిచి
నలభై మూడు విస్తళ్లు.
కొందరికి ముక్క దొరికింది,
కొందరికి గింజ,
నాకు పులుసు.
వానొచ్చింది. ఎవరూ లేవలేదు.

ఆ తలుపుకే తర్వాత నల్లరంగు పూశారు.
సాయంత్రం ఏడు దాటితే అది పలక.
విత్తనాల పొట్లం మీది రాత
తనే చదువుకోవాలని పోలమ్మ పట్టు.
ఆమె రాసిన మొదటి మాట "బెండ".
నడిమి సున్నా చేపల తట్టంత.
నా పుస్తకంలో సున్నా అంటే ఏమీ లేదని.
అలా ఉబ్బి, నిండుగా కూర్చున్న సున్నాని
నేనెప్పుడూ చూడలేదు.

అబద్ధం ఎందుకు, ఉల్లిపాయలు ఇప్పటికీ
గాజువాక మార్కెట్టువే. నీళ్లు ట్యాంకరువే.
బియ్యం సంగతి ఎత్తనే వద్దు.
గోంగూర, మిరప, ఆనప మాత్రం
వీధి దాటి తేవడం మానేశాం.
జాగా ఎవరిదని అడుగుతూ
ఒక కాగితం వచ్చింది,
జవాబు తలుపు మీద రాసుకుంటున్నాం,
చెరిపి, మళ్లీ రాసి.

ఇంకో మాట. ఖాతాలో దిద్దుబాటు.
నెల తర్వాత మొక్క అడుగున
ఎర్ర చీర పోగు కట్టిన కాయ కనబడింది,
ఎండి, నిలువునా పగిలి.
పన్నెండోది.
పులుసు నాడే సొనాయి దాచింది.
"విత్తనానికి" అంది, అంతే.
అరచేతిలో గింజలు పోసుకుని
నేను లెక్కపెట్టబోతుంటే
పిల్లలు అప్పుడే సగం పట్టుకుపోయారు.