ఉత్తరపు గాలి

ఏడో రోజు.
నాలుగు తాళ్లతో నాలుగు చెట్లకు కట్టేశాం పడవని.
అయినా తెంచుకుపోవాలనే చూస్తోంది, పొగరుబోతు దూడ.
గ్వైతెకాస్ దీవుల మధ్య ఈ ఇరుకు పాయలో
వాన పైనుంచి పడదు,
పక్కనుంచి వచ్చి కొడుతుంది.

ఆర్సెనియో లేస్తూనే
బారోమీటరు అద్దాన్ని గోటితో తడతాడు.
ముల్లు ఇంకాస్త జారుతుంది.
తప్పు నాదే అన్నట్టు నా వైపు చూస్తాడు.

ఉల్లిపాయలు మూడు మిగిలాయి.
పేకలో ఇస్పేటు రాణి తడిసి ఉబ్బింది.
ఎవరి చేతిలో ఉందో ఇద్దరికీ తెలుసు,
ఆట మాత్రం ఆపలేదు.

మధ్యాహ్నం ఒక పసుపు పడవ వచ్చి పక్కన ఆనింది.
బెలార్మినో. సముద్రంలో మునిగి ఆల్చిప్పలు ఏరేవాడు.
బకెట్టెడు ఇచ్చి
సగం సీసా వైను పుచ్చుకున్నాడు.
"ఎప్పటికి తగ్గుతుంది?" అంటే
ఆకాశం వైపు చూడనైనా లేదు.
మేం తాడు చుట్టిన కొయిగ్వె చెట్టుని
గడ్డంతో చూపించాడు.

మా తాడు కింద బెరడులో ఒక గాడి.
దాని కింద ఇంకోటి, నాచు పట్టింది.
ఇంకా కింద,
చెట్టు సగం మింగేసిన పాత గాడి:
వాళ్ల నాన్న పడవదట.
పదకొండు రోజులట.

"అన్ని రోజులూ ఏం చేశాడు?"
"వల బాగుచేశాడు.
అయిపోయాక చింపి, మళ్లీ బాగుచేశాడు."

తాడు కిర్రుమన్నప్పుడల్లా
ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని.
ఈ రాత్రి అటు తిరిగి పడుకున్నాను.

తెల్లారేసరికి ముల్లు ఒక గీత ఎక్కింది.
వద్దంటున్నా వినకుండా
ఆర్సెనియో ఇంకోసారి తట్టాడు.
రెండు గీతలు కిందికి.