రాని పడవకు ఎంత తూకం

మత్సుయేలో తెల్లారేది సూర్యుడితో కాదు,
షిన్‌జీ సరస్సు మీద ఇంజన్ల దగ్గుతో.
గుల్లల సహకార సంఘం ఆఫీసులో
నాకంటే ముందే కిరోసిన్ స్టవ్వు వెలుగుతుంది,
దాని మీద కెటిల్, దాని వెనక తోమే గారు.
ముప్ఫై ఎనిమిదేళ్లు పూసల చట్రం మీద
ఊరి షిజిమి గుల్లలన్నీ లెక్కపెట్టిన వేళ్లు.
ఆ లెక్కను రూబీలోకి దించడానికి
నన్ను మూడు నెలలకు కుదుర్చుకున్నారు.

మొదటి వారమే పరువు పోయింది.
ఇతోహరా అన్నదమ్ములు ముగ్గురు, పడవలు మూడు.
మూడు ఖాళీ గంపలు కావాలని ఒక్క లైనులో రాశాను.
పెద్దతను నలభై కిలోలు పోశాడు.
తెర మీద నడిపివాడికీ నలభై, చిన్నవాడికీ నలభై.
చిన్నవాడు ఆ పొద్దు పడవే విప్పలేదు, పన్నునొప్పి.
"మా అన్న చేతికి ఎముక లేదని ఇవాళే తెలిసింది"
అని వాచిన చెంప పట్టుకునే నవ్వాడు.

నేను అడిగింది మూడు గంపలు.
రూబీ ఇచ్చింది ఒకే గంప, దానికి మూడు పేర్లు.
తప్పు దానిది కాదు.
అల్లిన గంపను చేతికిస్తే దాన్నే ముగ్గురికీ చూపించింది.
ఇవ్వాల్సింది గంప కాదు, అల్లిక.
మీసాల బ్రాకెట్ల మధ్య పెడితే
అడిగిన ప్రతిసారీ కొత్తది అల్లుతుంది.
రెండు మీసాల తేడా.
దొరకడానికి ఒక పూటా, నాలుగు కప్పుల టీ.

తర్వాత కడోవాకి ఇద్దరయ్యాడు.
ఒకడికి డబ్బు వెళ్లింది, ఇంకొకడికి లేదు.
తీగ లాగితే పేరు చివర ఒక ఖాళీ కదిలింది,
మన కీబోర్డు మాత్రమే వేసే వెడల్పాటి ఖాళీ.
స్ట్రిప్ దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది,
అది ఎరిగిన ఖాళీలు సన్నవి.
తొమ్మిది కిలోలు నలభై కంటే ముందు నిలబడ్డ రోజు
అంకెలు అక్షరాల వేషంలో వచ్చాయని పోల్చడానికి
నాకు అరనిమిషం చాలింది. కొంచెం గర్వపడ్డాను.
తోమే గారు కెటిల్‌లో నీళ్లు పోశారు.

ఆ గురువారం ప్రోగ్రామ్ మధ్యలో ఆగింది.
నిల్‌ను అంకెగా మార్చలేనంది.
అడాచి హేయ్‌కిచి పడవ రాలేదు,
అతని గడిలో ఏమీ లేదు.
ఇది చాలా మామూలు జబ్బు. మందు నా నాలుక చివరే ఉంది:
నిల్‌ను అంకె చేసెయ్, సున్నా అవుతుంది, లెక్క సాగుతుంది.
సాగింది. ఎర్ర అక్షరాలు పోయాయి. కోటు అందుకున్నాను.

"సున్నా ఎవరు వేశారు?"
తోమే గారి కళ్లజోడు నుదుటి మీదికి వెళ్లింది.
"సున్నా అంటే వచ్చాడు.
చలిలో పొడుగు కర్రతో అడుగంతా గీరాడు,
ఏమీ పడలేదు, ఆ ఖాళీ గంపను తూకం మీద పెట్టాడు.
నువ్వు రాని మనిషిని వచ్చి ఓడిపోయాడని రాశావు.
పైగా నలభై ఒక్క పడవల గుల్లల్ని
నలభై రెండుతో భాగించావు."

కోటు విప్పాను.
సున్నా చేసే మాట తుడిచి, కాంపాక్ట్ అని రాశాను.
లేనివాళ్లు పక్కకు జరిగారు,
ఉన్నవాళ్ల సగటు అరకిలో పెరిగింది.
అతని గడిని మాత్రం చెరపలేదు,
ఖాళీగానే అచ్చు వెయ్యమన్నాను.
ఆవిడ తన పాత పుస్తకంలో ఆ చోట
పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకున్నారు.
అడిగితే, "దీపం" అన్నారు, అంతే.

పది రోజులు నిల్.
భార్యతో ఇజుమో ఆసుపత్రిలో ఉన్నాడని ఒకరు,
పడవ అమ్మకానికి పెట్టాడని ఒకరు.
నా ప్రోగ్రామ్ ఒక్కసారి కూడా తడబడలేదు.
అదే కాస్త గుచ్చుకుంది.

పదకొండో పొద్దు, వాన.
ఇన్నాళ్లు తిరగని ఇంజన్ మొరాయించి, ఆలస్యంగా చేరి,
తడిసిన టోపీతో గుమ్మంలో నిలబడ్డాడు హేయ్‌కిచి.
గంప తూకం మీద పెట్టాడు.
అడుగున నాచు, ఒక విరిగిన చిప్ప.
నేను చెయ్యి చాపేలోపే
తోమే గారు ఒంటి వేలితో కీబోర్డు వెతుక్కుని
సున్నా నొక్కారు,
పండక్కి ముగ్గు వేసినంత గుండ్రంగా.