పది వేళ్ళు

మీసేవలో మూడోసారి బొటనవేలు ఒత్తాను.
యంత్రం ఎర్రగా మిటకరించింది.
"మీ వేలు పడ్డం లేదు మేడమ్,
బుట్టలల్లుతారా ఏంటి?" అన్నాడు కుర్రాడు.

అల్లను. పూర్ణా మార్కెట్ వెనక బళ్ళో లెక్కలు చెబుతాను.
సుద్దముక్క అరగదీసిన వేలిది.
అతను మామూలుగానే అన్నాడు.
నేనే మామూలుగా వినలేకపోయాను.

మా ముత్తవ్వ కావడి అంకాలు
బీమిలి మళ్ళలో ఉప్పు కొని
ఆరు గాడిదల మీదేసుకుని అనంతగిరి ఎక్కేది.
దిగేటప్పుడు చింతపండు, పసుపు, పిప్పళ్ళు,
ఒక ఏడాది రెక్క విరిగిన గోరువంక.
ఉప్పు మోసినన్నాళ్ళు ఉప్పెరుకలన్నారు,
వెదురు చీలిస్తే దబ్బెరుకలు,
కరివేపాకు కట్టలు తెస్తే కరివేపాకోళ్ళు.
బావిగట్టు అప్పుడూ మాకు దూరమే,
అదేం స్వర్ణయుగం కాదు.
కాకపోతే పేరు నెత్తిమీది గంపలాంటిది,
మెడ లాగితే దించి
ఇంకోటి ఎత్తుకోవచ్చు.

ఉప్పు మీద సర్కారు తాళం పడింది.
వాల్తేరుకి రైలొచ్చింది.
అయిదు గాడిదలు అమ్ముడుపోయాయి.
ఆరోదాన్ని ఎవరూ కొనలేదు,
అది రోజూ తెల్లారి కొండదారి వేపు తిరిగి నిలబడేదట.

అప్పుడొచ్చాడు జనాభా లెక్కల గుమాస్తా.
"మీదే కులం?"
"ఏ కాలంలో బాబూ?" అందట అంకాలు.
అతని కాలం వేరు:
రెండు నిలువు గీతల మధ్య
అంగుళం వెడల్పు.
అందులో ఒక్క మాటే పడుతుంది.
పడింది. సిరా ఊది ఆరబెట్టాడు.

మరికొన్నేళ్ళకి మద్రాసు నుంచి మరో కాయితం:
ఈ మాట కింద పుట్టిన ప్రతి బిడ్డా దొంగే.

పొద్దుగూకాక వన్ టౌన్ ఠాణాలో హాజరీ.
పసిబిడ్డ పేరు పిలిస్తే తల్లి పలకాలి.
ఒక సాయంత్రం జమేదారు
నల్లసిరా బల్ల మీద పరిచి
"చేతులు" అన్నాడు.

ఊరందరి చేతులూ చదివిన మనిషి.
షావుకారమ్మల అరచేతుల్లో
కొడుకుల్నీ కాన్పుల్నీ చూసి
సోలెడు గింజలకి సోదె చెప్పిన మనిషి.
"గీతలు లోపలుంటాయి బాబూ,
కొసల్లో ఏటుంటాది సదవడానికి?"
"మాకు కొసలు సాలు" అన్నాడు జమేదారు.
ఒక్కో వేలూ పట్టి దొర్లించాడు,
పదీ.

బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది,
జాలారిపేట ఒడ్డున తడిసిన ఇసుకతో తోమింది.
రెండు వారాలకి సిరా పోయింది.
మర్నాడు గంపెత్తుకుని వీధిలోకెళ్ళి
"సోదె సెబుతానమ్మా, సోదె" అని చెయ్యడిగితే
ఏటేటా తనే పిలిచే కోమటింటి కోడలు
చెయ్యి వెనక్కి లాక్కుంది.
వేలి ఉంగరం తిప్పి చూసుకుంది.

ఈ ముక్క మా అమ్మ చెప్పేది కాదు.
మా మేనత్త చెప్పింది, అదీ ఒక్కసారే,
చేపలు తోముతూ, నా మొహం చూడకుండా.

అదే మాట, అదే కాలమ్‌లో
నా కూతురి కాలేజీ సీటు కోసం
రాయించుకోడానికి పొద్దుట్నుంచీ వరసలో ఉన్నాను.
రాయకపోతే గొడవపడతాను కూడా.
అంకాలుకి ఏం చెప్పుకోను?

"ఇలా ఇవ్వండి" అని కుర్రాడు
చొక్కా అంచుతో అద్దం తుడిచి
నా వేలు పట్టుకోడానికి చెయ్యి చాచాడు.
ఒక్క క్షణం అతని అరచెయ్యి
నా కళ్ళముందు వెల్లకిలా తెరుచుకుంది.
నడిమధ్యన లోతుగా ఒక గీత,
మణికట్టు దాకా వచ్చి చీలింది.

దాని అర్థం నాకు తెలీదు.
నేర్పేవాళ్ళు నేర్పలేదు.

చూపుడు వేలు పెట్టాను.