పదిహేను, ఒకటి

ఏకాంబరం అంటే ఒకే బట్ట అని అర్థం.
ఆ పేరున్నవాడికి నేను రెండు కుట్టాను.

మొదటిది నీలం. వీపు మీద పదిహేను.
చూలైలో మా కొట్టు ఇరుకు,
మనిషి నిలబడితే మిషను చక్రం మోచేతికి తగులుతుంది.
భుజాలు కొలిచి, టేపు తప్పేమోనని
మళ్ళీ కొలిచాను.
కొత్వాల్ చావడిలో గుమ్మడికాయల లారీ దించే భుజాలు.
పైనుంచి ఒకడు విసురుతాడు, కిందవాడు పట్టాలి,
జారిందా, ఆ పూట కూలిలో కోత.
"ఈ బంతీ అంతే అన్నా,
ఎటు ఎగురుతుందో దానికే తెలీదు."

కూవం పక్క క్లబ్బులో టీ కంపెనీ ఆఫీసర్లకి
ఒక మనిషి తక్కువైన సాయంత్రం
గడ్డి కోసేందుకు పోయినవాణ్ణి లోపలికి పిలిచారట.
బంతిని ముందుకి విసరకూడదట.
ముందుకి పోవాలంటే వెనక్కే ఇవ్వాలట.
ఇదేం ఆటరా అన్నాను.
నీ వెనక కుట్టులాంటిదే కదన్నా అన్నాడు.
సూది చేతిలో ఉంది. ఏమీ అనలేకపోయాను.

పదిహేనోవాడంటే అందరికన్నా వెనక నిలబడేవాడు.
వాడి వెనక ఎవరూ ఉండరు.
సున్నం గీత ఉంటుంది.

కొలంబోలో దేశం తరఫున ఆడాడు. ఓడిపోయారు.
పేపర్లో "ఏకాంబరన్" అని పడింది.
ఆ ముక్క కత్తిరించి నా అద్దం మూలన అంటించాడు.
పేరు చివర ఏముంటేనేం, పరిగెత్తింది నేనేగా.

రెండేళ్ళకి రెండోది. ఆకుపచ్చ. వీపు మీద ఒకటి.
"ప్రమోషనా?"
నవ్వాడు. అదే చోటట. అదే సున్నం గీత.
ఇది పదముగ్గురి ఆట,
వీళ్ళు లెక్క వెనకనుంచి మొదలుపెడతారు.

ఈ ఆటకి డబ్బిచ్చారు, మ్యాచికి మూడు వందలు.
క్లబ్బుకి తెలిసింది.
టేకు పలక మీది బంగారు అక్షరాల్ని
గరుకు కాగితంతో రుద్దించారు.
రుద్దినవాడు గడ్డి కోసే కొత్త కుర్రాడు.
వాడే చెప్పాడు, నాకు నిక్కరు కొలతలిస్తూ.

రెంటికీ తేడా ఏమిటని అడిగాను ఒకసారి, కాజాలు కుడుతూ.
ఏకాంబరం నా పేలికల మధ్య నేల మీద పడి చూపించాడు.
మొదటి ఆటలో, పడ్డావా, వదిలెయ్యాలి.
బంతి ఇక నీది కాదు.
రెండో ఆటలో పడితే లేవనిస్తారు.
నిలబడి, మడమతో వెనక్కి దొర్లించి, నీవాడికివ్వాలి.
అలా ఆరుసార్లు. తర్వాత అవతలివాళ్ళ వంతు.
"ఆరుసార్లంటే ఎక్కువే కదరా" అన్నాను.
ఎడమ మోకాలు పట్టుకుని లేస్తూ
కాసేపు ఆలోచించాడు.

మలేషియాలో దేశం తరఫున మళ్ళీ.
రెండు ఆటలకీ ఆడినవాడు మనవైపు ఇతనొక్కడే అని
ఎవరో అన్నారు. ఎవరో గుర్తులేదు.
ఆ మోకాలు అక్కడే పోయింది.

పెరంబూరు ఫ్యాక్టరీలో ఆటగాళ్ళ కోటా.
కిటికీ అవతల గుమాస్తా రెండు సర్టిఫికెట్లూ
పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని చూశాడు.
ఒకదానికి గడువు దాటింది. ఇంకోటి జాబితాలో లేదు.
"ఏదో ఒకటే ఆడాల్సిందయ్యా" అన్నాడట.
చెడ్డవాడేం కాదు, కుర్చీ వేయించాడట.

మార్కెట్టు కోయంబేడుకి పోయింది. ఇతనూ పోయాడు.
ఇప్పుడు దించడు, లెక్క రాస్తాడు.
గూడూరు లారీలు, నిమ్మకాయల బస్తాలు.
ఎవరైనా కాయ జారవిడిస్తే మాత్రం
పెన్ను ఉన్న చెయ్యే ముందు లేస్తుందట.

మొన్న రెండు చొక్కాలూ పట్టుకొచ్చాడు.
కలిపి ఒక సంచి కుట్టమన్నాడు.
బ్లేడుతో అంకెలు ఊడదీశాను, ఒక్కో కుట్టు.
చుట్టూ బట్ట వెలిసిపోయింది.
అంకె కింద మాత్రం
నీలం నీలంగానే ఉంది, నేను కుట్టిన రోజులాగే.
దారం లేకుండానే పదిహేను చదవొచ్చు.
రంగు వేయించనా అన్నాను.
ఉండనీ అన్నాడు.

అంచులకి వెనక కుట్టే వేశాను.
నిమ్మకాయలు ఇరవై కిలోలైనా ఆగుతుంది.