నడినెత్తి చిల్లు

షావుకారుపేట మేడ మీంచి
కోమలి మొదట వదిలినప్పుడు జానెడు దారాలు.
గుడ్డ సగమే విచ్చుకుని, కట్టిన నట్టు
ఠప్పున నా గొడుగుల పెట్టె మీద పడింది.

రెండోసారి బారెడు.
నిండుగా తెరుచుకుంది గానీ
తాగినవాడిలా ఊగి ఊగి
కరెంటు తీగకు చిక్కింది.

"గుడ్డ వెడల్పంత చాలు తల్లీ, దారం"
అన్నాను, ఊచలు కొలిచే చేతి అలవాటుతో.
"మరి ఆ ఊపు?"

పాత గొడుగు గుడ్డ ఒకటిచ్చాను.
నడినెత్తిన, కర్ర దూరే చోట, చిల్లు.
కుట్టేద్దామంది.
చిల్లులు పూడ్చి బతికే వాణ్ణి,
వద్దన్నాను.

ఆ చిల్లులోంచి కాస్త గాలి జారిపోతూ
నట్టుని నిటారుగా
ఇడ్లీ బండి పక్కన దించి వెళ్లింది.

మర్నాడు వాన.
నాలుగు గొడుగులు కుట్టాను.
అయిదోదాని చిల్లు దగ్గర
సూది కాసేపు ఆగింది.