నాలుగో భాగం

ఏడాది అయిపోయింది.
వాల్దీవియాలో ఇవాళే ఎండ కాస్త మనసుపెట్టి కాసింది.
డిసెంబరు కదా, మాకిది వేసవి.
గడియారాల కొట్టు వెనక గదిలో
కట్టెల పొయ్యి బూడిద ఎత్తిపోశాడు నోల్బెర్తో.
కుర్చీలు తిరగేసి బల్ల మీద పెడుతూ
మళ్ళీ మార్చిలో, అన్నాడు.

ఏడాదంతా ఏం చదివామో లెక్క రాయమన్నారు నన్ను.
చేపల తూకం రాసే పుస్తకంలోనే రాశాను:
మొత్తం పదకొండు.
రెండు కవిత్వం. ఒకటి తేనెటీగల గురించి,
అది ఓర్తెన్సియా పట్టుదల, ఎవరికీ నచ్చలేదు,
ఆమెక్కూడా.
ఒకటి ముక్క తక్కువ.

ఆ తక్కువ గురించి చెప్పాలి.

లావు నవల. ఊరు మొత్తానికి ఒకటే ప్రతి.
మేం ఐదుగురం.
నోల్బెర్తో కంటికి భూతద్దం తగిలించుకుని
గడియారం మూత తెరిచినంత నెమ్మదిగా
దాని వెన్ను కోసి ఐదు భాగాలు చేశాడు.
"చేపని కోసినట్టే కదా" అని నా వైపు చూసి నవ్వాడు.
కాదు.
చేపని కోసేటప్పుడు నా ఒళ్ళు ఇలా జలదరించదు.

వారానికోసారి చేతులు మారాలి.
నాకు మొదట వచ్చింది నాలుగోది.
తలా తెలీదు, తోకా తెలీదు,
ఎవరో ఒకామె అప్పటికే ఎవరి మీదో అలిగి ఉంది.
నేను బడి మానేసింది పదో ఏట.
వరస కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతాను.
గురువారం వచ్చేసరికి తొమ్మిది పేజీలే అయ్యాయి.
సిగ్గేసింది.
నదిలో పడిపోయింది, అన్నాను.
రేవులో నీటిసింహం ఎగబడిందనీ, చెయ్యి జారిందనీ
అడక్కపోయినా అన్నాను.

ఒక్కరూ తిట్టలేదు. అదే కొంప ముంచింది.

"పోనీలే, ఆ ముక్క మనమే అల్లుకుందాం" అంది ఎలియానా.
బస్సు నడిపే ఇసాయాస్ ఆమెను ఓడెక్కించాడు.
ఓర్తెన్సియా ఓడ దింపి, పెళ్ళి చేసి,
పై వారమే మొగుణ్ణి చంపేసింది.
ఎలియానా వాళ్ళ అవ్వ మాట్లాడే మపుదుంగున్‌లో
ఆమెకొక కల వచ్చినట్టు చెప్పింది,
ముక్క అర్థం కాకపోయినా అందరం ఊఁ కొట్టాం.
జూన్ అంతా రేకుల మీద బఠాణీలు ఒలకబోసినట్టు వాన.
ఆ వానలో ఆమెను ఏడుసార్లు బతికించుకున్నాం.
మొదలు నుంచి చివరిదాకా చదివిన పుస్తకాల్లో
ఏ మనిషీ నాకింత దగ్గర కాలేదు.

అసలు ముక్క నా దగ్గరే ఉంది.
తూకపు రాళ్ళ పెట్టె అడుగున, పాత ఏప్రాన్‌లో చుట్టి.
అంగడి కడిగాక, రోజుకో పేజీ.
అక్టోబరుకి పూర్తయింది.
చెప్పనా? అందులో ఏమీ జరగదు.
ఆమె బట్టలు ఉతుకుతుంది.
ఒక దుప్పటి గాలికి పోతుంది.
ఎదురింటామెను ఉప్పు అడుగుతుంది,
వాన వెలిసిందా అని చెయ్యి బయటపెట్టి చూస్తుంది.
అలక ఏ పేజీలో తీరిందో
వెనక్కి తిప్పి రెండుసార్లు వెతికాను.
దొరకలేదు.

ఇవాళ చెప్పేద్దామని సంచిలో పెట్టుకునే వెళ్ళాను.
నోరు తెరిచేలోపు నోల్బెర్తో
మిగతా భాగాలన్నీ దారంతో కట్టి
నా చేతిలో పెట్టాడు, దాచమని.
మూడుకీ ఐదుకీ మధ్య ఒక అట్టముక్క,
సరిగ్గా నాలుగో భాగమంత మందం.
"కుట్టేటప్పుడు చోటు కావాలిగా" అన్నాడు
భూతద్దం తుడుచుకుంటూ,
నా వైపు చూడకుండా.

తిరిగొస్తూ రేవు దగ్గర ఆగాను.
మెట్ల మీద నీటిసింహం ఆవలిస్తోంది.
పాపం, ఏడాదిగా నా నింద మోస్తోంది.
రేపు దానికి
ఒక చేప తలకాయ ఎక్కువ వెయ్యాలి.