తాకరాదు

ఇరవై మూడు మెట్లు.
లెక్క నాది కాదు, నా చేతికట్టెది.
పద్దెనిమిదో మెట్టు అరిగి గుంట పడింది.
ఎవరెక్కి ఎక్కి అట్లయిందో
చంద్రగిరిలో ఏ బోర్డు మీదా రాసిపెట్టలేదు.

నా ముందు నంబరు జిలానీది.
పలమనేరు నుంచి తొలి బస్సుకొచ్చినాడంట.
చక్రాల కుర్చీ మెట్ల కిందనే నిలిచిపోయింది.
పైన పేరు పిలిస్తే
కింద ఎండలోంచి "ఉండా సార్!" అని అరిచినాడు.
గైర్హాజరు అని రాసుకునే పెన్ను గీత
నాకు స్పష్టంగా వినపడింది.

"కూచో తల్లీ" అన్నారు.
కుర్చీ ఏ పక్కుందో చెప్పలేదు.

దేరంగుల మునికుమారి. ఎమ్మే, చరిత్ర.
పరీక్షలు నేను చెప్తే మా చిన్నమ్మ కూతురు రాసింది.
శిస్తును శిష్టు అని రాసిందేమోనని
ఇప్పటికీ నాకు అనుమానమే.
నాయన చెంగల్రాయుడు, రోళ్లకు గంట్లు కొట్టేవాడు.
మిక్సీలొచ్చినాక క్వారీకి పోయినాడు,
క్వారీ దుమ్ము రొమ్ములోకి పోయినాక
ఇంట్లోనే ఉండాడు.
"కుటుంబ నేపథ్యం... ఈ రంగంలో ఏమీ లేదు"
అని మెల్లగా చదువుకుంటా రాసుకున్నారు.

"కండ్లు లేకుండా జనానికి ఎట్ల చూపిస్తావమ్మా?"
పెద్దసారు గొంతులో చెడ్డతనం లేదు.
అదే కష్టం.
ఉంటే జవాబు తేలిక.

పక్కనుంచి ఇంకో గొంతు, మెత్తగా, పట్టుచీర చప్పుడుతో:
"మా హాల్లో చేతులు విరిగిన అమ్మవారికే
నడిమధ్య పీఠం వేసినాం. మాకు తేడాల్లేవు."
ఆమెకు మెట్లెక్కే పని లేదు మేడమ్,
నెలాఖరుకు బియ్యం కొనే పనీ లేదు,
నన్ను ఆమెతో పోల్చద్దండి.
ఇది లోపలే అనుకున్నా.
బయటికి "సరే మేడమ్" అనే వచ్చింది.

చివరగా, "ఆరు నెలలు ఊరికే వచ్చిపో,
అనుభవం వస్తుంది, తర్వాత చూద్దాం."
నేను ఊరికే రావాలంటే
మా అమ్మ కొర్లగుంటలో ఇంకో రెండిళ్ల అంట్లు తోమాల.
ఆ అనుభవం ఎవరి చేతులకు వస్తాదో
అదీ రాసుకోండి సార్.

దిగినా. ఇరవై మూడే.

కింద కాపలా ఆర్ముగం, ఏజెన్సీ మనిషి,
మూడు నెల్ల జీతం రావాల్సినవాడు,
పొద్దంతా "తాకద్దు తాకద్దు" అని అని
ఆ మాటే దగ్గయిపోయినవాడు,
బీగాలు గలగలమనిపించి
"రా పాపా, ఒకటి చూపిస్తా" అన్నాడు.
వెనక రేకుల షెడ్డు. గడప లేదు. జిలానీ కుర్చీ కూడా వచ్చింది.
చీటీ వాడే చదివినాడు:
"గుర్తు తెలియని రాతి వస్తువు. కాలం తెలియదు."

వేళ్లు ఆనించినా.
చల్లగా, గుండ్రంగా, నడుమ మేకు దిగే బొక్క.
ఒరే, ఇది తిరగలి కింది బిళ్ల!
అంచు ఈ పక్కే ఎక్కువ అరిగింది,
విసిరినామె ఎప్పుడూ ఒకే చోట కూచునేదేమో.
గంట్లు మా నాయనవి వాలినట్టు వాలలేదు, ఎదురు వాలినాయి.
కొట్టినోడిది ఎడమచేతి వాటం.
వరస నడుమ ఒక్క గంటు తప్పింది చూడు, ఇక్కడ...
సంగటికి పిలిచినట్టుండారు.

ఆర్ముగం తాకద్దనలేదు. దగ్గినాడు, అంతే.

జిలానీ ఇంటర్వ్యూ కాగితం వెనక రాసుకుంటా ఉండాడు.
తిరగలి. ఎడమచేయి. సంగటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టమన్నా.
"కాలం ఎంతని పెట్టాల, అక్కా?"
అది నా వేళ్లకు అందలేదు.
తెలియదనే రాయి, అన్నా.
"ఏ రాయి?" అని నవ్వినాడు.

ఇంకా ఎన్ని ఉండాయి ఈ షెడ్డులో?
ఆర్ముగం బీగాలు కిందపెట్టిన చప్పుడు.